మణికట్టు మీద సిరా

జనంలో కూతురి చెయ్యి జారిపోతుందేమో అన్నదే ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం.

అందుకే మ్యూజియం గుమ్మం దాటిన దగ్గర్నుంచీ పిచ్చుక చేతిని బిగించి పట్టుకునే ఉంది.

పిచ్చుక అంటే కూతురే. ఇంకా బడికి వెయ్యలేదు. అసలు పేరుతో పిలిస్తే పలకదు.

"వదినా, అంత గట్టిగా పట్టుకుంటే చెయ్యి ఊడొస్తుంది. అప్పుడు దీన్నీ ఇక్కడే నిలబెట్టేస్తారు," అంది ఆడపడుచు, చేతుల్లేని పాలరాతి బొమ్మను చూపిస్తూ.

తల్లికి నవ్వు రాలేదు.

ఆ ముసలావిడ మళ్ళీ వెనకే ఉంది.

సంచులు దాచే కౌంటర్‌లో తను ఫోన్ నంబరు చెప్తున్నప్పుడు పక్కనే నిలబడిన మనిషి. బూడిదరంగు స్వెట్టరు. ఏ గదిలోనూ ఒక్క బొమ్మ వైపు చూడదు. చూపంతా పిచ్చుక మీదే.

"మనల్నే వెంబడిస్తోంది, చూడు."

"నీకు తాడు కనబడితే పామే వదినా! పాపం, ముసలి ప్రాణం."

పెద్ద చిత్రాల గదిలో వెలుతురు తక్కువ. ఎండకు రంగులు వెలిసిపోతాయని కిటికీలన్నీ మూసేశారు.

పిచ్చుకను బెంచీ మీద కూర్చోబెట్టి, ఊడిన చెప్పు పట్టీ పెట్టుకోవడానికి తల్లి వంగింది.

తలెత్తేసరికి, ముసలావిడ పిచ్చుక మణికట్టు పట్టుకుని పెన్నుతో ఏదో రాస్తోంది.

"ఏయ్! ఎవరు నువ్వు? పిల్ల మీద చెయ్యేస్తావేంటి?"

"అయిపోయిందమ్మా. తుడవకు."

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ముందుగా గుర్తు పెడతారని తల్లి ఎక్కడో విన్నది. అదేమిటో చూడను కూడా చూడలేదు. రుమాలు తడిపి, చర్మం కందిపోయేదాకా రుద్దేసింది.

గార్డు పరుగెత్తుకొచ్చాడు. పనిలో కొత్తగా చేరినవాడు.

"నడు ముసలమ్మా, బయటికి నడు!"

ఆవిడ ఎదురు చెప్పలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"చెయ్యి వదలకమ్మా."

తల్లికి అది బెదిరింపులా వినబడింది.

అంతలో స్కూలు పిల్లల దండొకటి వచ్చిపడింది. అందరికీ పసుపు టోపీలు. అరుపులు, తోపులాట.

దండు వెళ్ళిపోయాక చూసుకుంటే తల్లి చెయ్యి ఖాళీగా ఉంది.

"పిచ్చుకా!"

ఈ గదిలో లేదు. ఆ గదిలో లేదు. మెట్ల మలుపులోనూ లేదు.

"నేను పైకి వెళ్ళి చూస్తాను వదినా," అంది ఆడపడుచు.

తల్లి ఫోన్ మోగింది. ఎవరిదో తెలియని నంబరు.

"అమ్మా, నీ పాప నా దగ్గరుంది. బయట మెట్ల మీద. తొందరగా రా."

అదే గొంతు! తన నంబరు దానికెలా తెలిసింది?

పై ప్రాణాలు పైనే పోయాయి. "పిల్లల దొంగ! పట్టుకోండి!" అని అరుచుకుంటూ తల్లి బయటికి పరుగెత్తింది.

మెట్ల మీద జనం ఆ అరుపు విన్నారు. ఏడుస్తున్న పిల్లను చూశారు. దాని చెయ్యి వదలని ముసలావిడను చూశారు. ఇంక అడిగేదేముంది?

తల్లి జనాన్ని తోసుకువచ్చి పిచ్చుకను ఎత్తుకునేసరికి, ముసలావిడ చివరి మెట్టు కింద పడి ఉంది. నుదుటి మీద రక్తం.

"టోపీల అక్కలతో వచ్చేశానమ్మా," అంది పిచ్చుక వెక్కుతూ. "రోడ్డు మీదికి వెళ్తుంటే అవ్వ పట్టుకుంది."

లోపల్నుంచి వయసు మళ్ళిన గార్డమ్మ ఒకామె వచ్చి నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశారు! కౌంటర్ దగ్గర తల్లులు చెప్పే నంబర్లు విని, పిల్లల చేతుల మీద రాస్తుందమ్మా ఈవిడ. తప్పిపోతే ఎవరైనా ఫోన్ చేస్తారని!"

తల్లి ఆవిడ ముందు వంగి, చెయ్యి చాచింది.

ముసలావిడ ఆ చెయ్యి అందుకోలేదు. తనే లేచి, కుంటుకుంటూ జనంలో కలిసిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మ్యూజియానికి మళ్ళీ రాలేదు. ఆవిడ సంగతి గార్డమ్మ చెప్పగా విన్న దగ్గర్నుంచీ, తల్లి రోజూ వెళ్ళి చూసి వస్తూనే ఉంది.

మీరెవరైనా అటు వెళ్తే, ఒకప్పుడు ఆ గదుల్లోనే కన్నకూతుర్ని పోగొట్టుకుని, అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళ పిల్లలందరి వెనకా నడిచిన ఆ తల్లి క్షేమంగా ఉందో లేదో, ఒక్కసారి చూడండి.