తిరగని చక్రం

"కాలు తియ్యమ్మా! బ్రేకు మీంచి కాలు తియ్యి!"

పక్కసీట్లోని శిక్షకుడి అరుపు పూర్తయ్యేలోపే కారు తడినేల మీద సర్రున జారి, మలుపు తిరగకుండా తిన్నగా వెళ్లి పాత టైర్ల గోడను గుద్దుకుంది. ఇది మూడోసారి.

"తీశాను మాష్టారూ," అంది డ్రైవరు సీట్లో ఉన్న నర్సు.

"తీస్తే చక్రం తిరుగుతుంది. తిరిగే చక్రమే నేలను పట్టుకుంటుంది. బిగుసుకుపోయిన చక్రం సబ్బుబిళ్ళతో సమానం. ఇక స్టీరింగ్ ఎటు తిప్పి ఏం లాభం?"

"నిన్నట్నుంచి వింటూనే ఉన్నాగా."

"నువ్వు వింటే చాలదు. నీ కాలు వినాలి."

ఆయన విసుగ్గా నుదురు నొక్కుకున్నాడు. ఈ ఏడాది ఈమె పన్నెండో మనిషి. ముందొచ్చిన పదకొండుమందీ ఇదే గోడను గుద్దినవాళ్లే. అందరి కాగితాల మీదా 'భయంతో బ్రేకు వదలలేకపోతున్నారు' అని రాసి పంపేశాడు. భయం మనిషి లోపల కూర్చుని నడుపుతుంది, నడిపేది అదేనని ఆ మనిషికే తెలియదు. ఎవరికి చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"సాయంత్రంలోగా మీరు సంతకం పెట్టకపోతే అంబులెన్స్ నడిపే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు," అందామె. "తొమ్మిదేళ్లు ఆ బండి వెనకభాగంలో రోగుల పక్కన కూర్చున్నాను. నా కళ్లముందే ప్రాణాలు పోతున్నా చెయ్యి వణకలేదు. ఇప్పుడు కాలెందుకు వణుకుతుంది?"

"అదే కదమ్మా నేనూ అడిగేది! నీ కాలేమైనా బ్రేకుని పెళ్లి చేసుకుందా?"

ఆమె పళ్లు కొరుకుతూ కారు వెనక్కి తీసింది.

"ఇదే ఆఖరిసారి," అన్నాడాయన.

మలుపు దగ్గర చక్రాలు పట్టు తప్పాయి. ఆమె చూపు వెళ్లాల్సిన దారి మీదే ఉంది. స్టీరింగ్ కూడా అటే తిప్పింది. కారు మాత్రం మాట వినలేదు.

"కాలు!" ఆయన గావుకేక పెట్టాడు.

"ఇదిగో, చూడండి!"

మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలేలా ఆమె రెండు కాళ్లూ పైకెత్తేసింది. కారు జారుతూనే పోయింది. టైర్ల గోడ అదిరింది. ముందు అద్దం మీద చిమ్మిన బురదనీళ్లు మెల్లగా కారసాగాయి.

ఆమె కాళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి, ఆమె చూపు మాత్రం ఆయన పాదాల దగ్గర ఆగిపోయింది. ఆయనా కిందికి చూశాడు.

శిక్షకుడి వైపు అమర్చిన రెండో బ్రేకును ఆయన కాలే నేలకంటా తొక్కిపట్టి ఉంది.