గాలిలేని బంతి

నిచ్చెనను పరీక్షలో ఫెయిల్ చేయించాలన్న ఆలోచన కోచ్‌కు సరిగ్గా దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడే వచ్చింది. అది దేవుడు పుట్టించిన ఆలోచనో, దేవుడు అటు తిరిగినప్పుడు పుట్టిన ఆలోచనో ఆయనకు తేలలేదు.

నిచ్చెన అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రాణం. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, అందుకే ఆ పేరు. ఆఖరి ఏడాది. పాసయ్యాడంటే పెద్ద క్లబ్బు వాళ్లు నెల తిరక్కుండా ఎగరేసుకుపోతారు, ఫెయిలైతే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాడు. మిగతా ముగ్గురు మొనగాళ్లూ ఇప్పటికే వెళ్లిపోయారు. "వచ్చే ఏడాది కప్పు రాకపోతే ఆ కోర్టును బండ్ల స్టాండు చేసేస్తాను," అన్న ప్రిన్సిపాల్ ఊరుకోలేదు, టేపు పట్టించి కొలతలు కూడా తీయించాడు.

కొత్తవాళ్ల కోసం కోచ్ వెతకలేదా అంటే, వెతికాడు. ఆదివారం ఎంపికకు పదకొండు మంది వచ్చారు. ఒకడు పొడుగే గానీ బంతి మీదికొస్తే కళ్లు మూసుకుంటాడు. ఇంకొకడు మహా మర్యాదస్తుడు, "ముందు మీరు వేసుకోండి, పర్లేదు" అని బంతిని అవతలివాళ్ల చేతిలో పెట్టేస్తాడు. మూడోవాడు ఆరుసార్లు గురి చూసి వేశాడు. ఆరూ పడ్డాయి, సొంత బుట్టలో. గట్టు మీద కూర్చుని చూస్తున్న నిచ్చెన కూడా తల పట్టుకున్నాడు.

"తాడిచెట్టు ఉన్నచోట తోటకూర మొలిచిందే," అన్నాడు కోచ్ భార్యతో. ఆ వెంటనే నిచ్చెన జవాబు పేపరు మాయం చేసే తన పథకమూ చెప్పేశాడు. ఆవిడ దగ్గర ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"దేవుడికి చెప్పి మరీ దొంగతనం చేస్తే పాపం సగమవుతుందా?" అని అడిగింది ఆవిడ, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"సగం కాకపోయినా పావు తగ్గదూ?"

"మరి ఆ ముప్పావు ఎవరు మోస్తారండీ?"

కోచ్ చెప్పులు వేసుకున్నాడు.

ఆ సోమవారమే నిచ్చెనకు ఆఖరి పరీక్ష, స్టాటిస్టిక్స్. హాలు బయట కోచ్‌ను చూడగానే దగ్గరికొచ్చాడు.

"ఎలా రాశావురా?"

"అనుకున్నట్టే రాశాను సార్. మీరేం దిగులు పెట్టుకోకండి."

వదిలిపోయేవాడు తిరిగి తననే ఓదారుస్తున్నాడు! అయినా కోచ్ మనసు రాయి చేసుకున్నాడు.

పరీక్షల ఆఫీసులో గుమస్తా ఎవరో కాదు, సొంత బావమరిదే. మంగళవారం మధ్యాహ్నం కోచ్ మామూలుగానే చంకలో బంతి పెట్టుకుని వెళ్లాడు. ఆయన చంకలో బంతి లేకపోతే ఆశ్చర్యపోతారు గానీ, ఉంటే ఎవరూ చూడరు. అయితే అది గాలిలేని పాత బంతి. ఆకారం చెడకుండా లోపల గుడ్డపీలికలు కుక్కి, ఒకవైపు కుట్లు విప్పి ఉంచాడు.

బావమరిది క్యారేజీ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్లాడు. మూడు నిమిషాలు. కోచ్ జవాబు పేపర్ల కట్ట విప్పి, నంబరు చూసి, పేపరు లాగి, మడిచి బంతిలోకి తోసేశాడు. తెరిచి కూడా చూడలేదు. తెరిస్తే చదవాలనిపిస్తుంది, చదివితే జాలి పుడుతుంది.

ఆ పేపరును తర్వాత కాల్చేద్దామనుకున్నాడు గానీ, చదువుకున్న పిల్లాడి చేతిరాతకు నిప్పు పెట్టడానికి చెయ్యి రాలేదు. బంతికి కుట్లు వేసి, ఆటల గదిలో బీరువా మీద పెట్టాడు. రోజూ దానికో దండం పెట్టేవాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

నెల తర్వాత బావమరిది నవ్వుకుంటూ వచ్చాడు. "బావా, పార్టీ ఎప్పుడు? నీ నిచ్చెన ఫస్టు క్లాసు!"

"అదెలా? వాడి స్టాటిస్టిక్స్ పేపరు..." కోచ్ నాలుక కరుచుకున్నాడు. "చాలా కష్టంగా వచ్చిందటగా?"

"నీ దగ్గర దాచేదేముంది గానీ బావా, ఆ పేపరు మా ఆఫీసులోనే ఎక్కడో మాయమైంది. అది మా తప్పు గానీ పిల్లాడి తప్పు కాదుగా. రూలు ప్రకారం మిగతా ఐదు సబ్జెక్టుల సగటు వేసేశాం. ఎక్కడా అనకు, నా ఉద్యోగం ఊడుతుంది."

తీసిన గోతిలో తీసినవాడే పడ్డాడని కోచ్ చాలాసార్లు విన్నాడు. ఆ గోతిలోంచి నిచ్చెన పైకి ఎక్కిపోవడం మాత్రం ఇదే చూడటం.

వీడ్కోలు రోజు కోర్టులో నిచ్చెన ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకుంటూ వాడు తిన్నగా ఆటల గదిలోకి వెళ్లి, బీరువా మీది పాత బంతి పట్టుకొచ్చాడు.

"ఇది నాకు గుర్తుగా ఇవ్వండి సార్. మీరు మొదటిసారి నా చేతికిచ్చింది ఇదే."

"అదొద్దురా! కొత్తది ఇస్తాను, రెండిస్తాను!"

"ఆఖరిసారి ఒక్కసారి వేస్తాను సార్," అంటూ నిచ్చెన విసిరాడు. బంతి వెళ్లి ఇనుపరింగుకు తగిలింది. కుట్లు పటపటా తెగాయి. గుడ్డపీలికలు రాలాయి. వాటి వెనకే మడిచిన పేపరు ఒకటి ఊగుతూ వచ్చి ఇద్దరి మధ్యా పడి తెరుచుకుంది.

దాన్ని చూడగానే దొంగ ముఖం కన్నా నిచ్చెన ముఖమే ఎక్కువ పాలిపోయింది. "మీరు చదవకండి సార్," అన్నాడు. అప్పటికే కోచ్ వంగి తీసుకున్నాడు.

పేజీలన్నీ ఖాళీ. మొదటి పేజీలో మాత్రం నాలుగు వాక్యాలున్నాయి: "పేపరు దిద్దే అయ్యగారికి నమస్కారం. నిన్న ఎంపికకు వచ్చినవాళ్లను చూశాను, వాళ్ల చేతుల్లో మా సార్‌ను వదిలి నేను పోలేను. అందరూ పాస్ చేయమని బతిమాలుతారు. నన్ను మాత్రం దయచేసి ఫెయిల్ చేయండి."