కొనేవాళ్ళ వకీలు

"అడ్వాన్స్ ఇచ్చేశారా?" అడిగింది లాయర్ హైమావతి.

"లేదు మేడమ్," అంది శారదమ్మ.

ఉప్పల్ మెట్రో స్టేషన్ ఎదురుగా రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. శారదమ్మ నాచారం నుంచి పొద్దున్నే వచ్చి, తలుపు తీసేదాకా మెట్ల మీదే నిలబడింది. ఇప్పుడు కుర్చీ ఇచ్చినా అంచు మీదే కూర్చుంది. చేతిలోని ప్లాస్టిక్ కవర్ మడుస్తోంది, విప్పుతోంది.

నారపల్లి దాటాక కొత్తగా వేసిన వెంచర్ కాగితాలవి. హైమావతి ఒక్కొక్కటే తిరగేసింది.

"కొనేవాళ్ళకు ఇన్ని కాగితాలు ఇవ్వరే! మీకెలా ఇచ్చారు?"

"అడగకుండనే తెచ్చుకున్న."

హైమావతి నవ్వింది. కంప్యూటర్‌లో సర్వే నంబరు కొట్టి చూశాక ఆ నవ్వు పోయింది.

"ఇది చెరువు శిఖం భూమండీ. వానాకాలం నీళ్ళు నిలిచే చోటు. ప్లాట్లు చేసి అమ్మకూడదు. ఈ పర్మిషన్ కాగితం కూడా దొంగదే."

"ఇంకోసారి సూడున్రి మేడమ్. మంచిగ సూడున్రి."

ఆవిడ మళ్ళీ చూసింది. తల అడ్డంగా ఊపింది.

"మరి కొన్నోళ్ళు?"

"డబ్బు పోయినట్టే. ఇల్లు కట్టుకున్నా ఎప్పుడో కూలుస్తారు."

"అమ్మినోడు?"

"కేసు. జైలు. వాడి సంగతి మనకెందుకండీ? మీరింకా ఏం ఇవ్వలేదుగా, బతికిపోయారు."

శారదమ్మ ముఖంలో ఆ సంతోషం లేదు. ఫీజు బల్ల మీద పెట్టి గబగబా మెట్లు దిగింది.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఫోన్ తీసి ఒక పేరు మీద వేలు పెట్టింది. నొక్కలేదు. మళ్ళీ తీసింది. మళ్ళీ నొక్కలేదు.

వెంచర్ దగ్గర టెంట్ కింద జనం. కారు బానెట్ మీద చెక్కుబుక్కు పెట్టుకుని పెన్ను మూత తీస్తున్నాడు వంశీకృష్ణ. పక్కన అతని భార్య రాజశ్రీ.

"తొందరగా రాయండి. తూర్పు ముఖం ప్లాటు ఇదొక్కటే మిగిలిందట," అంటోంది.

శారదమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "జర ఆగు బిడ్డా. వకీలుకు సూపెట్టినవా?"

"వీళ్ళ లాయరే అంతా క్లియర్ అన్నారండీ."

"వాళ్ళ వకీలు వాళ్ళ దిక్కే మాట్లాడ్తడు. నువ్వు నీ వకీలును పెట్టుకో. ఇది శిఖం భూమి. ఇయ్యాల్నే అడిగొచ్చిన."

రాజశ్రీ ఆమెను ఎగాదిగా చూసింది. "పక్క వెంచర్ వాళ్ళు పంపారా మిమ్మల్ని?"



అంతలో టెంట్‌లోంచి తెల్ల చొక్కా మనిషి ఇటే పరుగులాంటి నడకతో వస్తున్నాడు.

"అదిగో, ఓనర్ గారే వస్తున్నారు. ఈ మాట ఆయన ముందు చెప్పగలరా?" అన్నాడు వంశీకృష్ణ.

శారదమ్మ అటు చూడలేదు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"చెప్త బిడ్డా. వాడు నా కొడుకే."