ఆర్నెల్ల అనుభవం

“చామంతి ఎక్స్‌పోర్ట్స్‌లో ఆర్నెల్లు చేశావా? నేనూ అక్కడే చేశానమ్మా, మూడేళ్ళు.”

ఇంటర్వ్యూకి వచ్చిన సత్యకుమారి కుర్చీ అంచుకి జరిగింది.

కడియంలో మొక్కలు ఎగుమతి చేసే కంపెనీ ఆఫీసు అది. ఎదురుగా కూర్చున్నది మేనేజరు శ్రీనివాసరాజు. ఆయన చేతిలో ఉన్నది ఆమె రెజ్యూమె. అందులో ఆ ఒక్క ముక్కా అబద్ధం. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లకి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాజమండ్రిలో డీటీపీ సెంటరు నడిపే బుల్లిరాజు గారే టైపు కొడుతూ కొడుతూ దాన్ని ఇరికించారు.

“పిఠాపురం కంపెనీ. ఈమధ్యే మూతపడింది. అడిగే నాథుడు లేడు,” అన్నారు.

“అబద్ధం కదండీ?”

“పేరులోనే సత్యం పెట్టుకున్నావు, కాగితంలో కూడా ఎందుకమ్మా?”

ఇప్పుడు ఆ అడిగే నాథుడు ఎదురుగానే ఉన్నాడు. అబద్ధాలు రాసినవాళ్ళ పేర్లు కాలేజీకి పంపుతామని గుమాస్తా ఇందాకే అందరికీ వినిపించాడు. పోయినేడు అలా దొరికిన కుర్రాణ్ణి ప్రిన్సిపాలు పరీక్షలకే కూర్చోనివ్వలేదు.

“అక్కడ నీ పైన ఎవరుండేవారు?”

“అప్పాజీ గారండి.” నోటికొచ్చిన పేరు అనేసింది.

ఆయన రెజ్యూమె మీదికి చూపు దించాడు. “ఆఁ, అప్పాజీ గారే. వట్టి కోపిష్ఠి మనిషి.”

దొరికిపోయాననుకుంది సత్యకుమారి. ఎలకతో పిల్లి ఆడుకున్నట్టు ఆడుకుంటున్నాడు!

“ఆఫీసు మేడ మీదే కదూ?”

“అ... అవునండి.”

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఆమె కుర్చీలోంచి లేవబోయింది.

“చూడమ్మాయ్,” గొంతు తగ్గించాడు. “పరీక్షలవగానే వచ్చి చేరు. మా ఓనరు గారి ముందు మాత్రం చామంతి మాట ఎత్తకు. ఎత్తావో, బాగుండదు.”

బస్సులో దారిపొడుగునా ఆమెకి అదే మాట వినిపించింది. అది ఉద్యోగం కాదు, మెడకి ఉచ్చు. ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగుతాడు. దిగీ దిగగానే డీటీపీ సెంటరుకి వెళ్ళి, బుల్లిరాజు గారి ముందు బావురుమంది.

“ఎవరూ, శ్రీనివాసరాజా? మన పాత కస్టమరేనమ్మా,” అన్నారాయన తాపీగా.

“అయితే నన్ను వదిలెయ్యమని మీరే చెప్పండి బాబూ. నాకా ఉద్యోగం వద్దు. అక్కడ మూడేళ్ళు చేసినాయన దగ్గర నా అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుందండీ?”

బుల్లిరాజు గారు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“చామంతి అనే కంపెనీయే లేదమ్మా.”