మోకు ముడి

"మోకు ఇప్పు బాపూ. ఒక్క ఆటోనే గదా."

"ఇప్ప."

దేవయ్య కూతురి ముఖం చూడకుండానే అన్నాడు. కోరుట్ల దాటాక జగిత్యాల రోడ్డు మీద రెండు ఎడ్లబండ్లు నిలిపి, తాను తాటిచెట్టు ఎక్కే మోకును వాటి మధ్య అడ్డంగా బిగించి కట్టాడు. వెనక నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించారు. తెలంగాణ కోసం వంటావార్పు. సాయంత్రం దాకా ఒక్క బండి కదలకూడదని అందరూ అనుకున్నారు.

ఆటో దిగి వచ్చిన అమృత సర్టిఫికెట్ల కవరును గుండెకు హత్తుకుంది. "కరీంనగర్ల పీజీ సీట్లకు ఇయ్యాలే ఆఖరు. అయిదింటికి కౌన్సెలింగు గది మూస్తరు. నిన్న రాత్రన్న చెప్పకపోతివి, ఈడ అడ్డం కడ్తున్నమని!"

"నువ్వు చెప్పినవా, పీజీకి పోతున్న అని?"

అమృత నిజంగానే చెప్పలేదు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. మల్లాపూర్‌లో ఒక ప్రైవేటు బడివాళ్లు సోమవారం నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. అమ్మ "ఇగ చాలు బిడ్డా" అంది. బాపు అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆయన మౌనాన్ని చూసే మొదటి కౌన్సెలింగును వదిలేసింది. ఎమ్మెస్సీ చదివి తీరాలని ఈ తెల్లవారే తేల్చుకుంది. అప్పటికే బాపు మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"నా సదువు నీకు ఇష్టం లేదు. గది చెప్పరాదు?"

"సదువు నీ ఇష్టం. రోడ్డు అందరిది. ఎవ్వలకియ్యని దారి నా బిడ్డకిస్తే, రేపు ఈళ్ల ముంగట ఎట్ల నిలవడాలె?"

ఇంతలో ఆటో వెనక ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. పికెటింగులో ఉన్న తిరుపతి కిటికీలోంచి చెయ్యి పెట్టి కారు తాళంచెవి లాగేశాడు. నడుపుతున్న పెద్దమనిషి దిగాడు. చొక్కా జేబులోంచి ఇంకో తాళాల గుత్తి తీసి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు.

"కరీంనగర్ పోవాలె. చానా అవుసరం."

"సర్కారు డ్యూటీ గాదు గదా సారూ?" అన్నాడు తిరుపతి. "ఇయ్యాల డ్యూటీకి పోయేటోళ్లను అసలే ఇడిసిపెట్టం."

"అబ్బే... సొంత పనే. షుగరున్నది తమ్మీ, ఎండల నిలవడలేను."

ఆయన ఎడ్లబండిని ఆనుకుని నిలబడ్డాడు. దేవయ్య అది చూశాడు. "పెద్దమనిషి, పోనిద్దాంరా" అంటూ మోకు ముడి మీద చెయ్యి వేశాడు.

అమృతకు ఒళ్లు మండింది. "బాపూ! కన్నబిడ్డకు లేని దారి కారోళ్లకు ఎట్ల ఇస్తవ్? రోడ్డు అందరిదంటివి?"

"మామా, బిడ్డ మంచి పాయింటు వట్టింది!" తిరుపతి పగలబడి నవ్వాడు.

దేవయ్య ముడి వదిలేశాడు. "ఏమనుకోకు సారూ. నీడకు కూసో. తిని పోదువు."

పెద్దమనిషి అమృత వైపు ఒకసారి చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

వేపచెట్టు కింద ఇద్దరికీ విస్తర్లు వేశారు. ఆయన తిన్నాడు. ఆమె ముట్టుకోలేదు. మధ్యలో ఆయన ఫోన్లో "వచ్చినోళ్లను కూసోమను, ఎవ్వల్ని పోనియ్యకు" అని చెప్పి, ఆమె కవరు వైపు చూశాడు.

"ఏం సబ్జెక్టమ్మా?"

"కెమిస్ట్రీ."

"పీజీ చేసి ఏం చేస్తవ్? చేసినోళ్లే ఖాళీగ తిరుగుతున్నరు."

"మా బాపు గూడ గీ మాట అనలే సార్. మీరెవరు అనేటందుకు?"

ఆయన నొచ్చుకోలేదు. "ఊకెనే అడిగిన. వచ్చే యాడాది చేరరాదు మరి?"

"వచ్చే యాడాదికి గీ ధైర్యం ఉండది. బడికి పోతే ఇగ గంతే నా బతుకు."

పొద్దు వాలాక తిరుపతి కారు తాళంచెవి తిరిగిచ్చాడు. దేవయ్య మోకు విప్పాడు. చుట్టి భుజాన వేసుకుని కూతురి ముందు నిలబడ్డాడు.

"బిడ్డా... పోదామా, నేను గూడ వస్త?"

"యాడికి బాపూ? అయిదు దాటింది. ఇంటికే."

కారు వాళ్ల పక్కన ఆగింది. పెద్దమనిషి వెనక తలుపు తెరిచాడు.

"ఎక్కుండ్రి ఇద్దరు."

"ఇప్పుడెందుకు సార్? మీ కారుకు అడ్డం వడ్డదాన్ని, నన్నెందుకు ఎక్కిచ్చుకుంటరు? పోయినా గదికి తాళమే ఉంటది."

"పొద్దుగాల్నుంచి ఉన్నది తాళం." ఆయన జేబులోంచి గుత్తి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"గా తాళంచెవి గిదే."