పాటలంటే ప్రాణమంట

“గుత్తిలో ఈ నూనెమిల్లు పెట్టిన పెద్ద షావుకారికి పాటలంటే ప్రాణమంట గదా. శెనక్కాయలు ఒలిచే ఆడోళ్లతో పాడిచ్చుకునేవాడంట. మిల్లు చరిత్రలో రాస్తాండా, చెప్పవ్వా” అన్నాడు మాస్టరు.

ఎదురుగా కూర్చున్న చిన్న షావుకారి వైపు ఓబులమ్మ బెదురుగా చూసింది. తన కోడలికి అన్నం పెట్టేది ఈ మిల్లే.

“అవును సామీ. పొద్దుగూకేదాకా పాడిచ్చేవాడు.”

“అంతసేపు ఎందుకవ్వా?”

“పాట ఆగితే గింజలు నములుతాండామని లెక్క సామీ. అవి కరువు దినాలు.”

అనేశాక ఆమె గొంతు తడారిపోయింది.

చిన్న షావుకారు లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

ఓబులమ్మ నోరు బార్లా తెరిచి, గింజేమీ లేదని నాలుక ఎత్తి చూపింది.

ఆమె కోసం తెచ్చిన నీళ్ల గ్లాసు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.