చీరపేల భోజనవేళ

“మళ్ళీ ఆ పెట్టె కాలికి కట్టుకున్నారా పెద్దక్కా?”

తలుపు తోసుకుని వచ్చిన సైంటిస్టును చూసి పెద్దక్క గబుక్కున కాలు బల్ల కిందికి లాక్కుంది.

“మరేం చెయ్యమంటారు సార్? మీ గాజు గిన్నె దగ్గర ఇవి మూతి కూడా పెట్టడం లేదు. ఇంకాస్త పస్తుంటే చస్తాయి.”

ఇవి అంటే చీరపేలు. బట్టల మడతల్లో దాక్కుని, మనిషి నెత్తురు తప్ప మరేదీ ముట్టని ఘనమైన జాతి. ఏ మందుకూ లొంగని ఈ రకానికి కొత్త మందు కనిపెట్టాలంటే, ముందు దీన్నే బతికించుకోవాలి మరి! అందుకని పేలను అడుగున జాలీ ఉన్న చిన్న పెట్టెలో పోసి, రోజూ పిక్కకు కట్టుకుని, తన నెత్తురు తాగించడం పెద్దక్క ఉద్యోగం. ల్యాబులో అందరికంటే పెద్దది కనుక అందరికీ పెద్దక్కే. ఏళ్ళ తరబడి కుట్టించుకున్న ఆ పిక్క ఇప్పుడు వాచిపోయి, దద్దుర్లు తేలి చూడలేకుండా ఉంది. ఇంకా ఇలాగే సాగితే ఊపిరికే ముప్పని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అది విన్నాకే సైంటిస్టు గాజు గిన్నె తయారు చేశాడు. అందులో బ్లడ్‌బ్యాంకు నెత్తురు పోసి, ఒంటి వేడికి వెచ్చబెట్టి, పైన పల్చటి పొరను చర్మంలా బిగించాడు. పేలు దాని మీద షికారు చేశాయి గాని కుట్టలేదు.

“మీ గిన్నె పనిచేసేదాకా నా కాలే దిక్కు” అని పెద్దక్క మొండికేసింది. “నా చేతుల్లో పెరిగినవాటిని మాడ్చి చంపలేను.”

“రేపొక్కరోజు ఆగండి. మరో రకం పొర తెప్పించాను.”

మర్నాడు మధ్యాహ్నం అతను పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పేల పొట్టలన్నీ ఎర్రగా నిండి ఉన్నాయి. కళ్ళజోడు సర్దుకుని చూసిన పెద్దక్క, “తాగాయి సార్!” అంటూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అప్పటినుంచి మేత గది అతని రాజ్యమైంది. వెలుతురు పడినా, అలికిడైనా తాగవని లోపలికి ఎవరినీ రానివ్వడు. పెద్దక్కకు పేల గుడ్లు ఏరడం, గిన్నెలు కడగడం మిగిలాయి.

“పోసిన నెత్తురు పోసినట్టే ఉందే!” అని ఒకసారి ఆశ్చర్యపోయింది.

“ఇసుమంత ప్రాణులు పెద్దక్కా. ఎంత తాగుతాయని?”

“అదీ నిజమే. అయినా మనిషి ఒంటి మీద తాగినంత బొద్దుగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్ళు కూడా పుడుతోంది.”

కొన్నాళ్ళకు వాపు తీసి పిక్క మామూలైంది. ఒక సాయంత్రం పెద్దక్క ఇంటికి బయలుదేరుతూ అతని గది ముందు ఆగింది.

“మా మనవరాలు ఇన్నాళ్ళూ నన్ను చూస్తే ‘పేల నానమ్మ’ అని ఆమడ దూరం పరుగెత్తేది సార్. నిన్న నా ఒళ్ళోనే నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా దించబుద్ధి కాలేదు.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “అంతా మీ పుణ్యం. ఈ మేలు జన్మలో మర్చిపోను.”

“నాదేముంది? చెప్పాలనుకుంటే ఆ గిన్నెకి చెప్పండి.”

పెద్దక్క నిజంగానే వెళ్ళి, బల్ల మీద తను కడిగిపెట్టిన గిన్నెను బుగ్గ నిమిరినట్టు నిమిరింది. “చల్లగా ఉండు తల్లీ!”

“చల్లగా ఉంటే తాగవు పెద్దక్కా. వెచ్చగా ఉండాలి.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

“మిగతా ల్యాబుల వాళ్ళకీ చెప్పండి సార్. పాపం, వాళ్ళ కాళ్ళూ బాగుపడతాయి.”

“చెబుతాను. ఇంకా సరిచూసుకోవలసింది కొంచెం ఉంది.”

పెద్దక్క కూనిరాగం తీసుకుంటూ మెట్లు దిగింది. ఆ రాగం వినపడనంత దూరం పోయేదాకా ఆగి, అతను పేల పళ్ళెం తీసుకుని మేత గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టాడు.

తర్వాత తన ప్యాంటు మోకాలి దాకా మడిచాడు.